పెద్దకూతురి కాసులపేరు

శనివారం తెల్లవారకముందే కలిత్సా రొట్టెల పొయ్యి రాజేస్తుంది. దీవిలోని కొండమీద ఉన్న మా ఒలింపోస్‌లో ఆ వీధివాళ్ళకి గడియారంతో పనిలేదు, ఆ పొగ కనిపిస్తే లేచే వేళయిందని అర్థం. యాభై రెండేళ్ళ మనిషి. చేతులు మోచేతుల దాకా పిండిలో ఉంటాయి, నోరు మాత్రం దారిన పోయే ప్రతివాళ్ళనీ పలకరిస్తూనే ఉంటుంది. ఆ ఇంటికి ఆమె రెండో కూతురు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడి ఉందంటేనే తెలిసిపోతుంది.

మా ఊళ్ళో ఇల్లు కొడుక్కి పోదు. తల్లి ఇల్లు, తల్లి పొలం, తల్లి కాసులపేరు, అన్నీ పెద్దకూతురివే. ఆమెని కనకరా అంటాం. పెద్దకూతురికి అమ్మమ్మ పేరు పెడతాం కాబట్టి ఒక్కో ఇంట్లో రెండే పేర్లు ఒకదాని వెనక ఒకటి నడుస్తుంటాయి. ఈ ఇంట్లో ముసలావిడ రిగోపులా, ఆమె పెద్దకూతురు సెవాస్తీ, సెవాస్తీ కూతురు మళ్ళీ రిగోపులా. పిల్లని రిగో అని పిలుస్తారు. రెండో కూతురికి మిగిలేది అక్క ఇంట్లో చాకిరీ. చట్టం ఎప్పుడో మారింది గానీ, అది ఈ కొండ ఎక్కి రావడానికి ఇంకా ఆయాసపడుతూనే ఉంది.

కలిత్సాకి ఇరవయ్యో ఏట ఒక సంబంధం వచ్చింది. లీరా అనే తీగవాద్యం వాయించే మీనాస్ ఆమెను చేసుకుంటానన్నాడు. ఇల్లు లేని పిల్లని కోడలిగా తెచ్చుకుని ఏ గోడకి ఆనించుకోవాలి అంది మీనాస్ వాళ్ళమ్మ. మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత ఎవరూ అడగలేదు, కలిత్సా ఎదురుచూడలేదు.

రిగో రేవు పట్నంలోని హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. శని, ఆదివారాలు ఇంటికి వస్తుంది. ఈస్టర్ సెలవుల్లో వచ్చినప్పుడు ఆ పిల్ల దూది పుల్లలూ గాజు గొట్టాలూ తెచ్చి, చెంప లోపల రుద్ది ఇమ్మని అమ్మా అమ్మమ్మల వెంట పడింది. తల్లి నుంచి మాత్రమే వచ్చే డీఎన్‌ఏ ఒకటుంటుందనీ, దాన్ని మైటోకాండ్రియా డీఎన్‌ఏ అంటారనీ, తండ్రిది అందులో కలవనే కలవదనీ చెప్పింది. కొడుకులకీ అది వస్తుంది కానీ వాళ్ళు తమ పిల్లలకి ఇవ్వలేరట.

"మనం రొట్టె పులియడానికి వేసే తోడుపిండి లాంటిదన్నమాట," అంది ముసలావిడ. "మగాళ్ళు రొట్టె తిని పోతారు. తోడు పట్టుకెళ్ళేది ఆడపిల్లే."

తొమ్మిది తరాల తల్లుల వరస రిగోకి కంఠస్థం. పరీక్ష కాగితం వచ్చాక చట్రం కట్టించి గోడమీద పింగాణీ పళ్ళేల మధ్య పెడతానంది. ఆ ఏడు ఆగస్టు పదిహేనున, మరియమాత పండుగకి, కాసులపేరు మొదటిసారి వేసుకుని చావడిలో ఆడబోయేది కూడా ఆ పిల్లే. గొట్టాలు మూడే తెచ్చింది, అమ్మమ్మకి, అమ్మకి, తనకి. రెండో కూతుళ్ళు ఆ లెక్కలో ఎప్పుడూ లేరు కాబట్టి పిన్ని సంగతి తట్టనే లేదు.

"నాకు చెంప లేదా?" అని అడిగింది కలిత్సా. "నన్నేమన్నా కోడిపెట్ట పొదిగిందా?"

రిగో సిగ్గుపడి నాలుగోది తెప్పించింది.

ఫలితం ఆగస్టు మొదటి శనివారం పొద్దున ఫోన్లోకి వచ్చింది. రిగో దాన్ని పొయ్యి పక్కన నిలబడి రెండుసార్లు చదివింది. అమ్మమ్మదీ పిన్నిదీ ఒకటే. అమ్మదీ తనదీ ఒకటే. కానీ ఆ జంటకీ ఈ జంటకీ పొంతన లేదు. గొట్టాలు తారుమారయ్యాయేమో అనుకుని ఎన్ని విధాలుగా మార్చి చూసినా ఆ ఇంట్లో ఇద్దరు తల్లుల వరుసలు తేలుతున్నాయి. దాచిపెట్టే పిల్ల కాదు రిగో. మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఉల్లిపాయలు వేయించి కలిపిన పిండివంటకం పళ్ళేల్లో పెట్టగానే, ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆమె తండ్రి ఫిలిప్పాస్ బూట్లు కుట్టే మనిషి. ఆడవాళ్ళ మొహాలు ఒకసారి చూసి, పళ్ళెం పట్టుకుని దుకాణంలోకి వెళ్ళిపోయాడు.

ముసలావిడ మొదట ఆ కాగితం అబద్ధమంది. తర్వాత ఎండ వల్ల గొట్టాలు చెడిపోయి ఉంటాయంది. చివరికి చెంచా కింద పెట్టి, ఎవరివైపూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

యాభై ఆరేళ్ళ కిందటి జూన్ నెల. ఆవ్లోనాలోని తమ పొలంలో కోతలు జరుగుతున్నాయి. భర్త ఓడ మీద ఉన్నాడు. ఆమెకి తొలి కాన్పులో పుట్టిన ఆడపిల్ల పదకొండో రోజున, బాప్తిస్మం కాకుండానే పోయింది. ఆ సాయంత్రమే ఎదురుగా ఉన్న సారియా ద్వీపం నుంచి కోతకి వచ్చిన మరుక్లా అనే మనిషి బిడ్డని కని కన్నుమూసింది. ఆమెకి నా అన్నవాళ్ళు లేరు. మంత్రసాని ఆ పసిగుడ్డుని తెచ్చి ఈమె ఒళ్ళో పెట్టింది.

"పాలు పొంగి రవిక తడిసిపోతోంది. ఒళ్ళో పెట్టగానే తాగింది," అంది ముసలావిడ. "మా అమ్మ పేరు నిలబడాలి. సెవాస్తీ అని పిలిచాను. అంతే. చచ్చిపోయింది మరుక్లా బిడ్డేనని అందరూ అనుకున్నారు. మంత్రసాని పోయింది, నేను చెప్పలేదు. చెబితే దీన్ని ఎవరింట్లోనో అంట్లు తోమడానికి పెట్టేవాళ్ళు."

సెవాస్తీ మెడలో లేని కాసులపేరుని తడుముకుంటున్నట్టు చెయ్యి గొంతు దగ్గర పెట్టుకుని కూచుంది. యాభై ఆరేళ్ళు ఆ ఇంటి పెద్దకూతురిగా ఉన్న మనిషి, లేచి వెళ్ళాలో కూచోవాలో తెలియక తల్లివైపు చూసింది.

కలిత్సా మాత్రం పిండి అంటిన చేతులు తీరిగ్గా తుడుచుకుంది.

"పెద్దకూతుర్ని నేనన్నమాట," అంది. "పన్నెండేళ్ళప్పట్నుంచి అక్కకి నీళ్ళు మోశాను. అక్క పెళ్ళికి నలభై రొట్టెలు కాల్చాను. అక్కని పండక్కి ముస్తాబు చేసి, నేను గోడ పక్కన నిలబడి చూశాను. ఇల్లు పోనీ అమ్మా, పొలం పోనీ. మా అమ్మమ్మ పేరు నాది. అదీ దీనికే ఇచ్చేశావు. మీనాస్ వాళ్ళమ్మ వచ్చిన రోజున నువ్వు ఇదే కుర్చీలో కూచున్నావు. ఒక్క మాట అనుంటే సరిపోయేది."

"ఆ ఒక్క మాటతో ఇది వీధిన పడేదే," అంది ముసలావిడ.

"అందుకని నన్ను పొయ్యి దగ్గర పడేశావు."

ముసలావిడ తప్పు చేశానని అప్పుడు అన్లేదు, చాలాసేపటి తర్వాత, ఖాళీ కుర్చీతో అంది. అప్పటికే కలిత్సా తోడుపిండి కుండ చంకన పెట్టుకుని ఆవ్లోనా దారి పట్టింది.

వారం గడిచింది. ఆ ఇంట్లో రొట్టె కాలలేదు. సెవాస్తీ ఒకసారి పిండి కలిపింది గానీ తోడు లేక అది రాయిలా దిగింది. మేకలు కూడా మొహం తిప్పుకున్నాయి. పొగ కనిపించక వీధివాళ్ళు ఎవరికి ఒంట్లో బాగాలేదని అడగడం మొదలుపెట్టారు. పండుగ ముందురోజు పొద్దున సెవాస్తీ కాసులపేరుని చేతిరుమాల్లో మూటగట్టుకుని, రెండు గంటలు నడిచి ఆవ్లోనా చేరింది. ఇది నీది, ఇల్లు కూడా నీ పేర రాయిస్తాను, నేను ఫిలిప్పాస్ దుకాణం వెనక గదిలో ఉంటాను అని దారంతా వల్లె వేసుకుంది.

కలిత్సా పొలంలోని ఇంట్లో లేదు. చిన్న గుడి వెనక, ముళ్ళపొదలు కొట్టేసిన చోట మోకాళ్ళ మీద కూచుని ఉంది. చేతుల నిండా గీతలు. ఆమె ముందు రెండు రాళ్ళు, రెండు నూనె దీపాలు. ఒక రాయి మరీ చిన్నది.

"వచ్చావా," అంది వెనక్కి తిరగకుండానే. "చిన్నది మన పిల్లది. రెండోది మీ అమ్మది. వారం పట్టింది దొరకడానికి. గొర్రెలు కాసే ముసలాయనకి గుర్తుంది. యాభై ఆరేళ్ళుగా దీపం లేదు పాపం మనిషికి."

సెవాస్తీ వల్లెవేసుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆ రాయి మీద చెయ్యి పెట్టి, తనకి గుర్తు కూడా లేని తల్లి కోసం భోరున ఏడ్చింది. కలిత్సా ఆపలేదు. ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, తలగుడ్డ కొసతో మొహం తుడిచింది.

"నేనెవర్నే, కలిత్సా?" అని అడిగింది సెవాస్తీ.

"నా అక్కవి. నా ఖర్మ. మార్చుకుందామంటే ఇప్పుడెక్కడ దొరుకుతుంది."

సెవాస్తీ మూట విప్పింది. ఇంటి సంగతి ఎత్తబోతే కలిత్సా చెయ్యి అడ్డంపెట్టింది. ఆ ఇంట్లో ప్రతి మూలా తను తుడిచిందేననీ, కాగితం మీద ఎవరి పేరుంటే ఏమిటనీ, రేపు చచ్చాక ఎలాగూ రిగోకే కదా పోయేదనీ అంది. ఇకనుంచి శనివారం ఒకరు, బుధవారం ఒకరు పొయ్యి రాజేయాలి, అది మాత్రం వదలనంది. తర్వాత కాసులపేరుని చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఇది మాత్రం కావాలి. పెళ్ళికాని పెద్దకూతురు దీన్ని వేసుకుని పండగనాడు ఆడాలి. అదే కదా ఆచారం? నేను పెద్దకూతుర్నే. పెళ్ళి కాలేదు. ఎవరికేం అభ్యంతరం?"

రిగోకి ఏ అభ్యంతరమూ లేదు. వచ్చే ఏడు నా వంతు, అప్పటికి మెరుగు పెట్టించి ఇవ్వు పిన్నీ అంది. పండుగనాడు మధ్యాహ్నం నుంచి ముస్తాబు మొదలైంది. ఎప్పుడూ చెల్లెలే అక్కని ముస్తాబు చేసేది. ఈసారి సెవాస్తీ నేల మీద కూచుని కలిత్సా కాళ్ళకి బూట్లు తొడిగింది, ముందువైపు పూల గుడ్డ కట్టింది, కాసుల వరసలు గుండె మీద సర్దబోయి కొక్కేలు ఎక్కడ తగిలించాలో తెలియక తికమకపడింది.

"ఎడమ భుజం ముందు," అంది కలిత్సా. "అన్నేళ్ళూ నేనే పెట్టాను, నీకెలా తెలుస్తుందిలే. నెమ్మదిగా, గుచ్చుకుంటోంది."

గుడి ముందున్న చావడిలో ఆడపిల్లలు వరస కట్టారు. అందరూ పద్దెనిమిదేళ్ళవాళ్ళు, ఇరవయ్యేళ్ళవాళ్ళు. వాళ్ళ ముందుకి నెరిసిన జుట్టుతో, తల ఎత్తుకుని కలిత్సా వచ్చి నిలబడింది. లీరా మీద మీనాస్ కమాను ఒక్క క్షణం ఆగింది. కలిత్సా అటు చూడలేదు, కాలితో నేల మీద రెండుసార్లు తట్టింది, వాయించమన్నట్టు. అతను వాయించాడు.

గుడి గోడ పక్కన కుర్చీలో కూచున్న ముసలావిడ దగ్గరికి కింది ఊరి నుంచి వచ్చిన ఒకావిడ వంగి, ఆ ముందున్నది ఎవరమ్మా అని అడిగింది.

"నా పెద్దకూతురు," అంది ముసలావిడ.

"అదేమిటి, పెద్దావిడ సెవాస్తీ కదా?"

"అదీ నా పెద్దకూతురే. నా పాలు తాగినవాళ్ళ లెక్క నాకు తెలుసు, నువ్వు ఆట చూడు."

రెండో పాట మొదలైనప్పుడు కలిత్సా వరస వదలకుండానే చెయ్యి చాచి, గోడ పక్కన నిలబడ్డ సెవాస్తీని లాగి తన పక్కన పెట్టుకుంది. పెళ్ళయినవాళ్ళు ఆ వరసలో ఆడకూడదని ఎవరో గొణిగారు. రాత్రంతా ఆడారు ఇద్దరూ. మర్నాడు పొయ్యి రాజేసింది సెవాస్తీ, పక్కన నిలబడి తప్పులు పట్టింది కలిత్సా.