మేళం కట్టే వేళ కూనిరాగం

బొబ్బిలి చేపల బజారులో ఆ ఉదయం కూడా ఎవరూ గొంతెత్తలేదు.

"మీరడిగిన రేటు నాయంగానే ఉందమ్మా, అట్టుకెళ్ళండి," అంది చేపలావిడ.

"లేదులే, నువ్వు సెప్పిందే సరైనది," అంది కొనడానికొచ్చిన ఆవిడ.

ఇద్దరికీ చెవి వెనక, చర్మం కింద కుదుటతీగ ఉంది మరి. వెంట్రుకంత సన్నటి తీగ. మనసు ఎగిరిపడితే కిందికి లాగుతుంది, కుంగిపోతే పైకెత్తుతుంది. ఊరు ఊరంతా పెట్టించుకున్నాక బస్సుల్లో సీటు కోసం కొట్లాటలు పోయాయి, పెళ్ళిళ్ళలో అలకలు పోయాయి. అలకే లేని పెళ్ళి ఏం పెళ్ళండీ! కానీ ఆ మాట అడగాలన్నా ముందు చిర్రెత్తుకు రావాలి కదా.

ఆ బజారులో తీగ లేని మనిషి పైడితల్లి ఒక్కతే. చూడబోతే అందరికన్నా నెమ్మదైన మనిషీ ఆవిడే. చేపలు సంచిలో వేయించుకుని ఇంటిదారి పట్టింది.

పైడితల్లి వీణలు చేస్తుంది. భర్త గవరయ్య పనసదుంగను తొలిచి వీణకు ఆకారం ఇస్తాడు, ఆమె మేళం కడుతుంది. మేళం కట్టడమంటే మైనంలో బొగ్గుపొడి కలిపి, అది మెత్తగా ఉండగానే కంచుమెట్లను ఒక్కొక్కటీ స్వరం చూసుకుంటూ కూర్చడం. మెట్టు చీమంత పక్కకు జరిగినా వీణ జన్మంతా అపశ్రుతే పలుకుతుంది. ఈ పని ఆమెకు తండ్రి నేర్పాడు. మేళం కట్టే వేళ ఇంట్లో ఎవరూ నోరు మెదపకూడదని, పొయ్యి మీద గిన్నె కూడా చప్పుడు చేయకూడదని ఆయన కట్టడి.

ఆ తండ్రి పోయినప్పుడు పైడితల్లి మంచం దిగలేదు. తిండి మానేసింది. అప్పుడు గవరయ్యే ఆమెను మనోవైద్యశాలకు ఎత్తుకుపోయినంత పని చేసి తీగ పెట్టించాడు. అబద్ధమెందుకు, ఆ తీగ ఆమెను బతికించింది. లేచింది, తిన్నది, మళ్ళీ పనిలో కూర్చుంది. ఏళ్ళు గడిచాయి. ఒకనాడు తాను చేసిన వీణను ఒక అమ్మాయి వాయిస్తుంటే విన్నది. బాగా వాయిస్తోందని తెలుస్తోంది, గుండెకు మాత్రం ఏమీ పట్టడం లేదు. వీణ వింటూ మైనం ధర గురించి ఆలోచిస్తున్నానేమిటని అనుకుని, మర్నాడే వెళ్ళి తీగ తీయించేసుకుంది.

"కొద్ది వారాల్లో అన్నీ తిరిగొస్తాయి," అన్నది తీగ తీసిన డాక్టర్ సునేత్ర. ముంజేతికి ఒక భావపూస కట్టింది. సంతోషమొస్తే అది పసుపు రంగుకు తిరుగుతుంది, దుఃఖమొస్తే నీలానికి.

వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది, మళ్ళీ వానలొచ్చాయి. పూస తెల్లగానే ఉంది. గవరయ్య ఆమెకు ఇష్టమైన పనసపొట్టు కూర వండాడు. రుచి తెలిసింది, అంతే. సముద్రం చూపించాడు. "నీళ్ళు బాగున్నాయి," అంది. పోయినసారి చూపించుకోవడానికి వెళ్తే డాక్టరమ్మ తెరలో ఏవో గీతలు చూసి, "తీగ లేదు, దాని ప్రభావమూ ఉండకూడదు. ఇలా ఉండటానికి వీల్లేదే," అంది. ఉన్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే వీల్లేదనడం ఏం వైద్యమో! చివరికి ఆమె ఇచ్చిన సలహా ఒకటే. మళ్ళీ తీగ పెట్టించుకోమని, ఈసారి తీయడానికి వీలుకాని రకం.

రేపే ఆ రోజు. పైడితల్లి ఒప్పేసుకుంది. తనకోసం కాదు. ఈ మొద్దుబారిన మనిషిని మోస్తూ గవరయ్య చిక్కి సగమైపోయాడు. తనకు అతనంటే ప్రేమ ఉందని ఆమెకు తెలుసు, చిన్నప్పటి బడి దారి గుర్తున్నట్టు. కానీ ఆ దారిలో నడుస్తున్నట్టు లేదు. తీగ ఉంటే కనీసం నవ్వుమొహమైనా ఉంటుంది, అతనికి అదైనా మిగులుతుందని ఆమె లెక్క.

సాయంత్రం ఒక వీణకు మేళం కట్టడానికి కూర్చుంది. మైనం వేడి పదును మీద ఉంది. అవతల వసారాలో గవరయ్య ఉలితో పనసదుంగ చెక్కుతున్నాడు. రేపటి సంగతి అతని మనసును తొలిచేస్తున్నట్టుంది, తల ఎత్తడం లేదు. ఆమె మెట్టు మీద వేలుంచి వీణతీగ మీటింది. ఇంకొక్క పిసరు జరగాలి.

సరిగ్గా అప్పుడు గవరయ్య తనకు తెలియకుండానే కూనిరాగం మొదలెట్టాడు. వాళ్ళమ్మ పాడిన జోలపాట. పై స్వరం దగ్గర ఎప్పటిలాగే అందుకోలేక కిందే చతికిలబడ్డాడు.

పైడితల్లి చేయి ఆగింది. కడుపులోంచి ఏదో సెగ లేచి మెడదాకా పాకింది. ఏమిటిదని ఆలోచించేలోపే చేతిలోని మైనంముద్ద ఎగిరి వెళ్ళి గవరయ్య వీపున అంటుకుంది.

"మేళం కట్టేటప్పుడు పాడొద్దని నీకెన్నిసార్లు సెప్పాల? అందని సోరం కోసం ఎందుకలగ నిక్కుతావు? నా సెవులు సిల్లులు పడిపోతన్నాయి! మా అయ్య బతికున్నపుడు సెప్పాడు, నాను సెప్పాను, నీకు బుద్ధుందేటి?"

గవరయ్య ఉలి జారవిడిచి ఆమె మొహంలోకి చూశాడు. "పైడీ... ఏటన్నావ్?"

"బుద్ధుందా అన్నాను!"

"మళ్ళీ అనవే."

ఆమె మళ్ళీ అనబోయి ఆగిపోయింది. గుండె దడదడలాడుతోంది. చెంపలు కాలుతున్నాయి. తన చెంపలే, తన గుండే.

"ఇన్నాళ్ళూ ఏటైపోయింది నీ పాట?" అంది మెల్లగా.

"డాక్టరమ్మ వొద్దంది. నీకు సిరాకొచ్చే పనేదీ సెయ్యొద్దని సెప్పింది. సాసర్లో పోసుకుని జుర్రున టీ తాగడం మానీసాను. గడపలో సెప్పులిడిసీడం మానీసాను. నోరు కట్టీసుకున్నాను."

"ఓరి నీ తెలివి తగలెయ్య! నాకు కోపమొచ్చే దారులన్నీ మూసీసి, పసుపు రంగొస్తాదేటా అని పూస కాసి కూకున్నావా?"

చేతికున్న పూస చూసుకుంది. తెల్లగానే ఉంది. గవరయ్య ఆత్రంగా డాక్టరుకు ఫోను కలిపాడు.

"పూసలో ఏమీ నమోదు కాలేదండీ," అంది సునేత్ర.

"తిట్టిందండీ! మైనం పెట్టి కొట్టింది కూడాను!"

"చిరాకా? అది లోపం కింద వస్తుంది. పూస దాన్ని లెక్కలోకి తీసుకోదు."

పైడితల్లి ఫోను లాక్కుంది. "డాక్టరమ్మా, ఏడాదికి వొచ్చిన ఒక్క సుట్టం ఈ కోపం. లోపమంటే ఊరుకోను. రేపు నాను రాను." ఫోను పెట్టేసి, పూస విప్పి చెక్కపేళ్ళలోకి విసిరేసింది.

అప్పటికే వాకిట్లో ఇరుగుపొరుగు గుమిగూడి ఉన్నారు. ఎదురింటి సూరమ్మ చెవి వెనక తడుముకుంటూ, "పోట్లాటేటే? ఎన్నాళ్ళయిందే ఇని!" అంది. కచేరీ చెడగొట్టకూడదన్నట్టు అందరూ అలాగే నిలబడ్డారు. గవరయ్య దణ్ణం పెట్టి తలుపు దగ్గరగా వేశాడు.

పైడితల్లి మేళం ముందు కూలబడింది. "సంతోషం ఇంకా రాలేదు మావా. నిన్ను సూస్తే ముద్దూ రాలేదు. కోపమొక్కటే వొచ్చింది."

"వొచ్చినదాన్ని కూకోబెట్టు. మిగతావి దాని ఎనకాలే నడిసొస్తాయి," అన్నాడు గవరయ్య, వీపున మైనం అలాగే అంటుకుని ఉండగా.

ఆమె వీణను పక్కకు జరిపింది. ఇన్నాళ్ళూ ఇంట్లో మూగతనం తన లోపలిదే అనుకుంది. సగం ఇతను మోసినదని ఇప్పుడే తెలిసింది.

"పాడు."

"మేళం..."

"ఎల్లిపోయింది నీ మేళం. పాడు."

గవరయ్య మొదలెట్టాడు. ఆమె నడుం బిగించుకుని, తిట్టు సిద్ధం చేసుకుని కూర్చుంది. పాట పైకి ఎక్కింది, ఎప్పటి చోటే అందుకోలేక జారింది. పైడితల్లి నోరు తెరిచింది. తిట్టుకు బదులు కన్నీళ్ళొచ్చాయి. వేలి మీది బొగ్గుమైనం చెంపలకంతా పులుముకుంటూ కళ్ళు తుడుచుకుంది.

గవరయ్య అది చూశాడు. చూసి కూడా పాట ఆపలేదు.