ఒక్క డ్రైవే చదివే ఫ్లాపీ

మెకానిక్‌ని డిపార్ట్‌మెంట్ సాగనంపి ఆరేళ్లయింది. "అన్నీ కొత్త సిస్టమ్స్ వచ్చేశాయి, ఇక మీ స్క్రూడ్రైవర్‌తో పనిలేదు" అని ఆ రోజు ముఖం మీదే చెప్పిన చీఫ్, ఇవాళ పొద్దున్నే కారు పంపి పిలిపించాడు. టీ కూడా తెప్పించాడు. ఆ మర్యాద చూడగానే తన నెత్తిన ఏదో పెద్ద బండే పెట్టబోతున్నారని మెకానిక్‌కి అర్థమైపోయింది.

"విదేశీ ముఠా. పైకి ఎక్స్‌పోర్ట్ ఆఫీసు. మన పాత ఫ్లాపీ ఒకటి వాళ్ల చేతికి చిక్కింది" అన్నాడు చీఫ్. "సరిహద్దు అవతల ఉన్న మన ఏజెంట్లు పదకొండుమంది అందులో ఉన్నారు. మారుపేర్లు, అడ్రసులు, వెనక్కి పిలవాల్సిన కోడ్‌వర్డులు."

మెకానిక్ కప్పు కింద పెట్టేశాడు. ఆ పదకొండుమందిలో ఒకడు అతని తమ్ముడు.

"ఫ్లాపీ ఒక్కటే ఉంటే వాళ్లకేం లాభం? రాసిన డ్రైవ్ ఉండాలి కదా."

"అదీ వాళ్ల దగ్గరే ఉంది. పాత సామాను వేలం వేశాం."

ఊళ్లో అందరి డ్రైవుల హెడ్లూ సరిచేసిన మెకానిక్, ఆ ఫ్లాపీ రాసిన తన బల్ల మీది డ్రైవ్‌ని మాత్రం రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అని ఏళ్ల తరబడి అలాగే వదిలేశాడు. ఫ్లాపీని రాసి చదివే దాని హెడ్ వెంట్రుకవాసి పక్కకి జరిగి ఉండేది. అందులో రాసింది అందులో తప్ప ఇంకెక్కడా చదవడం కుదిరేది కాదు. అది బద్ధకమని తెలియక, గొప్ప సెక్యూరిటీ అనుకుని డిపార్ట్‌మెంట్ ప్రశంసాపత్రం ఇచ్చింది. అతనూ నోరు మూసుకుని పుచ్చుకున్నాడు.

"కంప్యూటర్ పనిచెయ్యట్లేదు. రిపేర్ చేసేవాడి కోసం వెతుకుతున్నారు. మీరు వెళ్లి బాగుచేసినట్టే చేసి ఫ్లాపీ చెరిపెయ్యాలి." చీఫ్ ఒక స్క్రూడ్రైవర్ ముందుకు తోశాడు. పిడిలో గట్టి అయస్కాంతం. మల్టీమీటర్‌లో మైకు. "మీటర్ తప్పు చూపిస్తోంది అనండి, మావాళ్లు దిగిపోతారు."

"దీనికి ఇంకో కాపీ ఉందిగా?"

"ఉంటుంది లెండి" అన్నాడు చీఫ్ ఫైలు మూసేస్తూ.

పదకొండు గంటలకల్లా మెకానిక్ ఎక్స్‌పోర్ట్ ఆఫీసు రెండో అంతస్తులో ఉన్నాడు. మారువేషమంటూ జుట్టుకి వేసిన నల్లరంగొక్కటే. కంప్యూటర్ పక్కన ముఠా మేనేజర్, అతని పక్కన పట్టు స్కార్ఫుతో, ఖరీదైన సెంటు వాసనతో, నెమలి అనే మారుపేరున్న ఏజెంటు. ఆమెకి సోల్డరింగ్ నేర్పింది మెకానికే. డిపార్ట్‌మెంటే ఆమెని ఈ ముఠాలోకి పంపింది. ఇప్పుడెవరి మనిషో ఎవరికీ తెలియదు.

పవర్ సప్లై విప్పాడు. కెపాసిటర్ ఒకటి ఉబ్బి నల్లబడి ఉంది. మార్చాడు. కార్డు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్ది, చిప్పుల్ని బొటనవేలితో అదిమి స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. ఎవరి కోసం బాగుచేశాడో తెలిసి కూడా అతని ప్రాణం లేచివచ్చింది. ఆ సంతోషానికి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ పేర్ల జాబితా అమ్మే బేరం ఖాయం చేసుకోవడానికి మేనేజర్ పక్కగదిలోకి ఫోను తీసుకుని వెళ్లాడు. నెమలి వంగి మల్టీమీటర్ ఆఫ్ చేసింది.

"గురువుగారూ, ఆ పిడి ఎందుకంత లావుందో నాకు తెలుసు."

"తెలిస్తే వాడికి చెప్పుకో."

"ఇదొక్కటే కాపీ. మిగతావి గోడౌన్ ఖాళీ చేసినప్పుడు చీఫే తగలబెట్టించాడు. ఇది చెరిపితే మీ తమ్ముణ్ణి పిలవాల్సిన మాట ఇక లేనట్టే. ఆ మాట వినపడందే, మీరే వెళ్లి గుమ్మంలో నిలబడినా మీరెవరో తెలియదంటాడు. అలాగే కదా నేర్పారు?"

మెకానిక్ చేతిలోని స్క్రూడ్రైవర్ వైపు చూసుకున్నాడు.

"చదవనివ్వండి. మీ తమ్ముడి లైను మీకు. మిగతా పదీ మాకు."

'మాకు' అన్నప్పుడు ఆమె తడుముకోలేదు. ఎవరి మనిషో తేలిపోయింది.

మేనేజర్ వచ్చి ఫ్లాపీ తోశాడు. ఎర్రలైటు వెలిగింది. మూత లేని డ్రైవులో హెడ్ కిర్రుమంటూ కదిలింది. తెర మీద ఫైలు పేరు, ఆ తర్వాత "లోడవుతోంది" అన్న మాట. ఇంకొక్క క్షణం ఆగితే తమ్ముడి మాట కళ్లబడుతుంది. దాంతోపాటు పదిమంది తలలు ఈ మేనేజర్ చేతిలో పడతాయి. వాళ్లకీ అన్నలుంటారు. మెకానిక్ కళ్లు మూసుకుని పిడిని డ్రైవ్ మీద ఆనించాడు. ఫ్లాపీ తనంతట తానే దాని కింద గిర్రున తిరిగి చెరిగిపోయింది.

"చదవడం కుదరలేదు. మళ్లీ ప్రయత్నించాలా?" అని అడిగింది తెర. మేనేజర్ పదిసార్లు ప్రయత్నించమన్నాడు.

మెకానిక్ మల్టీమీటర్ ఆన్ చేశాడు. "మీటర్ తప్పు చూపిస్తోంది" అన్నాడు. ఏడుపు ఆపుకోవడం అతనివల్ల కాలేదు.

తలుపులు బద్దలయ్యాయి. మేనేజర్‌కి బేడీలు పడ్డాయి. నెమలి డిపార్ట్‌మెంట్ కార్డు చూపించి దర్జాగా మెట్లు దిగింది. ఆమె అన్న మాటలు మైకులో లేవు కాబట్టి మెకానిక్ చెప్పింది ఎవరూ రాసుకోలేదు.

సాయంత్రం చీఫ్ చెయ్యి కలిపాడు. "ఇంకో కాపీ సంగతి వదిలెయ్యండి. మీ తమ్ముడు క్షేమం, అంతకంటే ఏం కావాలి?"

"అవున్సార్. వాణ్ణింక ఎవరూ పట్టుకోలేరు. మనం కూడా."

బాగుందయ్యా అంటూ చీఫ్ ఆ వాక్యాన్ని రిపోర్టులో మొదటి లైనుగా రాసుకున్నాడు.