మెట్ల మలుపులో అద్దం

ఆ పాత బంగళాలో, మెట్ల మలుపు దగ్గరున్న నిలువుటద్దానికి మంచి పేరు లేదు. దాని ముందు ఫొటో దిగిన పెళ్ళికూతుళ్ళ వెనక... అద్దంలో ఇంకెవరో కనిపిస్తారట. నేను చూడలేదు. పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేసే మా పిన్ని చెప్పింది. ఆవిడ అబద్ధాలు ముఖాలకి పూస్తుందే గానీ నోటితో చెప్పదు.

ఆ సాయంత్రం పెళ్ళికూతురు మందుల షాపులో పనిచేసే పిల్ల. తెల్ల గౌను, నేలంతా ఊడ్చుకొచ్చే తోక, నెత్తిన మేలిముసుగు. పెళ్ళికి ముందు ఒక్కపూట దొరసాని అయిపోవాలని ఇప్పుడు అందరికీ సరదా. ఈ పిల్ల వచ్చింది మాత్రం నాయనమ్మ కోసం. ఆవిడ ఆసుపత్రిలో ఉంది. "పెళ్ళిదాకా ఉంటానో లేదో, ఒక్క ఫొటో చూపించవే" అని అడిగింది.

పిల్లది అచ్చం వాళ్ళ నాన్న ముక్కు. పెద్దది, మధ్యలో కాస్త ఎత్తు. ఆయన పోయి ఆరేళ్ళు. కొడుకు గుర్తొచ్చినప్పుడల్లా నాయనమ్మ ఈ పిల్ల ముక్కు నిమిరేది.

"నవ్వకండి మేడం," అన్నాడు ఫొటోగ్రాఫర్. "మిమ్మల్ని ఈ బంగళాలో బంధించారు. ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు."

"ఎనిమిదింటికి నాకు డ్యూటీ ఉందండీ."

చీకటి పడింది. చేతికి కొవ్వొత్తి ఇచ్చి మెట్లెక్కించాడు. చెక్కమెట్లు కిర్రుమన్నాయి... పిన్ని గౌను తోక పట్టుకుని వెనకే ఉంది. మలుపులో కొవ్వొత్తి వెలుగు రెపరెపలాడింది. గాలి లేదు — కిటికీలన్నీ మేకులు కొట్టేసి ఉన్నాయి.

క్లిక్.

మూడోరోజు స్టూడియోలో పిల్లకీ, పిన్నికీ ఫొటోలు చూపించాడు. పాలమీగడ లాంటి చర్మం, కోటేరు ముక్కు, చిన్న గడ్డం. "ఫొటోలో ముందున్న ముఖాన్ని కంప్యూటరే దిద్దేస్తుంది, నేను చెయ్యి కూడా పెట్టను," అన్నాడు గొప్పగా.

చివరి ఫొటో దగ్గర అతని చెయ్యి ఆగిపోయింది.

ముందు, సగం అద్దంవైపు తిరిగిన అందమైన పెళ్ళికూతురు. వెనక అద్దంలో — అదే గౌను, అదే కొవ్వొత్తి... ముఖం వేరు. అలిసిపోయిన ముఖం. ఎవరికోసమో వెతుకుతున్నట్టున్న కళ్ళు.

"మళ్ళీ వచ్చింది," అన్నాడు గొంతు తగ్గించి. "ప్రతి పెళ్ళికూతురికీ ఇంతే. చెరిపేసి మళ్ళీ ప్రింటు తీస్తాను, ఎవరికీ చెప్పకండి."

చెరిపేదాకా ఆగే టైం లేదు. ఆసుపత్రి వాళ్ళు త్వరగా రమ్మన్నారు. పిల్ల ఆ ఫొటో వంక రెండోసారి చూడకుండా, అన్నీ కవర్లో వేసుకుని పరుగెత్తింది. పిన్ని కూడా వెళ్ళింది.

నాయనమ్మ ఒక్కో ఫొటో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "బాగుందమ్మా. ఎవరీ పిల్ల?"

"నేనే నాయనమ్మా."

"ఊరుకో... మా పిల్ల ఫొటో ఏది?"

పిల్లకి ఏడుపొచ్చేసింది. ఇంతా చేసి నాయనమ్మకి తను పరాయిదైపోయింది. కళ్ళు తుడుచుకుంటుంటే కవరు జారి, ఆఖరి ఫొటో మంచం మీద పడింది. పిన్ని చటుక్కున తియ్యబోయింది. ముసలావిడ చెయ్యే ముందు అందుకుంది.

ఫొటోలోని అద్దం మీద వేలు పెట్టి, ఆ ముఖాన్ని, ఆ ముక్కుని మెల్లగా నిమిరింది.

"ఇదిగో నా తల్లి. అచ్చం వాళ్ళ నాన్నే," అంది.

వేలు పక్కకి జరిగింది. గొంతు తగ్గిపోయింది.

"దీని ముందు నిలబడిందే... ఈ దెయ్యం ఎవరే?"