మావయ్య అందించిన సిగరెట్

"దగ్గుమందు తర్వాత. ముందు జేబులో ఉన్న ఆ పెట్టె తీసి బల్ల మీద పెట్టండి."

మందుల షాపు నడిపే రనీమ్ నాతో అన్న మొదటి మాట అది. నాకు ఒళ్లు మండిపోయింది.

"మందు కొనడానికొచ్చానా, సోదా ఇవ్వడానికొచ్చానా?"

"మా షాపుకి పదిహేను మెట్లు. అవెక్కేసరికే పిల్లికూతలు! ముప్పయ్యేళ్లైనా నిండకుండానే ఊపిరితిత్తులు ఇలా ఉంటే నలభైకి గుండె మాటేమిటి?"

అరబ్బు దేశంలో కొండవాలు మీది మెట్ల ఊరు మా సాల్ట్‌లో ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించేవాణ్ణి నేను. ఘైత్ అంటే అందరికీ తెలుసు. నాకు మెట్ల లెక్క చెబుతుందా?

"మానేసి చూపిస్తా!" అనేసి వచ్చాను.

అన్నంత తేలిక కాదు. వారం రోజులు ఇంట్లో అందరి మీదా కస్సుమన్నాను. చివరికి సిగ్గు విడిచి ఆమె దగ్గరకే వెళ్లాను. నికోటిన్ ప్యాచ్ ఇచ్చి, "కాల్చాలనిపిస్తే పది నిమిషాలు ఆగండి. నీళ్లు తాగండి, చేతికి ఏదో పని పెట్టండి," అంది.

నాలుగో వారం ఒకటి కాల్చేసి తలదించుకుని వెళ్లాను.

"కాల్చింది ఒకటేగా, పెట్టె కాదుగా. ఇప్పట్నుంచి మళ్లీ మొదలెట్టండి," అంది నవ్వి.

ఆ నవ్వుకే పడిపోయాను.

ఐదో నెలలో పెళ్లి మాటెత్తాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా తాతయ్య ఆక్సిజన్ గొట్టంతోనే పోయాడు. నాన్నదీ అదే దారి. మూడోవాణ్ణి చూడలేను ఘైత్. మళ్లీ ముట్టుకున్నావో, నన్ను మర్చిపో."

పిల్లనడగడానికి మా పెద్దలతో వాళ్లింటికి వెళ్లాం. మా ఆచారం ప్రకారం, ఇచ్చిన కాఫీ ముందు పెట్టుకుని, మాట దక్కేదాకా ముట్టనన్నాడు మా పెద్దనాన్న. రనీమ్ నాన్న అబూ వాయిల్ మర్యాదగా అందరికీ సిగరెట్లు పంచుతూ నా దగ్గరకొచ్చాడు. తన చేత్తో ఒకటి అందించి, లైటర్ కూడా వెలిగించాడు.

కాదంటే ఆయనకు అవమానం. తీసుకుంటే రనీమ్ లేదు. తలుపు సందులోంచి ఆమె నన్నే చూస్తోంది.

"వద్దు మావయ్యా."

ఆయన లైటర్ ఆర్పేశాడు.

"నా చెయ్యే తోసేస్తావా?"

"మీ చెయ్యి నెత్తిన పెట్టుకుంటాను. కానీ మీ అమ్మాయికి మాటిచ్చాను. మొహమాటానికి ఇవాళ ఆ మాట తప్పేవాడికి, రేపు పిల్లనెలా ఇస్తారు?"

ఆయనేదో అనబోయాడు. దగ్గు తెర ముంచుకొచ్చింది. చాలాసేపు దగ్గి, కళ్లు తుడుచుకుని, ఆ సిగరెట్‌ను రెండుగా విరిచేశాడు.

"కాఫీ తాగండి పెద్దాయనా. పిల్లనిచ్చాను."

లోపల ఆడవాళ్ల కేరింతలు మిన్నంటాయి.

రెండ్రోజుల తర్వాత నా భుజం పట్టుకుని, మధ్యలో మూడుసార్లు ఆగి, మావయ్య ఆ పదిహేను మెట్లూ ఎక్కాడు.

"దగ్గుమందా నాన్నా?" అంది రనీమ్ కంగారుగా.

"మందు తర్వాతేనమ్మా," అంటూ జేబులోని పెట్టె తీసి బల్ల మీద పెట్టాడాయన.

రనీమ్ ఏడ్చేసింది. నేను మాత్రం కాలరెగరేశాను.