ప్లగ్గు పీకేశాక

మేస్త్రికి బండ్ల కరెంటు పని తప్ప ఇంకో పని రాదు. ఆ ఒక్కటీ మాత్రం క్షుణ్ణంగా వచ్చు. హారన్ మూగబోయినా, హెడ్‌లైటు మిణుకుమిణుకుమన్నా చిన్న బళ్ళవాళ్ళ దగ్గర్నుంచి లారీలవాళ్ళ దాకా అతని షెడ్డు ముందే ఆగేవారు. పళ్ళ మధ్య ఎప్పుడూ ఓ ఇన్సులేషన్ టేపు ముక్క కరిచిపట్టుకుని మాట్లాడతాడు కనుక అతని మాటల్లో సగం ఎవరికీ అర్థమయ్యేవి కావు. అర్థమైనట్టు అందరికంటే గట్టిగా తలూపేవాడు అతని బావమరిది.

బావమరిదికి నోరు మూతపడదు. ఇళ్ళు మారేవాళ్ళ సామాను చేరవేయడం వాడి పని. మేస్త్రి పెళ్ళినాటికి వాడింకా నిక్కర్లలో ఉన్నాడు. సైకిలు తొక్కడం నేర్పిందీ, జీపు తోలడం నేర్పిందీ మేస్త్రే. అందుకే వాడి దృష్టిలో బావని మించిన మొనగాడు లేడు. "మా బావ వైరు ముట్టుకుంటే చాలు, జబ్బేంటో చెప్పేస్తాడు" అని కనిపించినవాళ్ళందరి దగ్గరా డప్పు కొట్టేవాడు. మేస్త్రి పైకి విసుక్కునేవాడే గాని, లోపల ఆ మాటకి పొంగిపోయేవాడు.

ఆ చలికాలం వాడో పాత ట్రైలరు బేరం చేశాడు. జీపు వెనక తగిలించుకునే రెండు చక్రాల బండి, పైన రేకు కప్పు. ఊరి చివర పాత ఇనుము కొట్టు వెనక, పిచ్చిమొక్కల్లో ఎన్నాళ్ళనుంచో పడి ఉంది. ఓ మధ్యాహ్నం దాన్ని తెచ్చుకోవడానికి ఇద్దరూ జీపులో వెళ్ళారు.

కొట్టు ముసలాయన పెరటి గేటు తాళం తీశాడు. తను మాత్రం లోపలికి రాలేదు.

"దీన్ని లాగిన బండేమైంది?" అడిగాడు మేస్త్రి.

"కొండదారిలో పిల్లలతో బోల్తా పడింది. దాన్ని అప్పుడే కరిగించేశారు. దీన్నే ఎవరూ ముట్టుకోలేదు." ముసలాయన ఆకాశంకేసి చూశాడు. "పొద్దుండగానే ఇల్లు చేరండి బాబూ. మంచు దిగేట్టుంది."

అన్నట్టే దిగింది. ట్రైలరు కొక్కేనికి తగిలించి, లైట్ల ప్లగ్గు జీపు సాకెట్లో గుచ్చి బయల్దేరేసరికే దూరపు చెట్లు కనబడటం మానేశాయి. కొండవాలు రోడ్డెక్కాక పది గజాల అవతల ఏముందో తెలియడం లేదు. వెనకనుంచి దాటిపోతూ ఓ లారీ డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు. "వెనక లైట్లు చూసుకోండయ్యా! ఎటు తిరుగుతున్నారో తెలిసి చావడం లేదు!"

మేస్త్రి బండిని రోడ్డు వారకు తీసి ఆపాడు. అక్కడా కొంచెం వాలుగానే ఉంది. తడి మట్టి వాసన. దానికి తోడు, ఎప్పుడో కాలిన రబ్బరు వాసన.

జబ్బు చిన్నదే. ఎడమ ఇండికేటరు వేస్తే రెండు పక్కలా మసక మసగ్గా కొట్టుకుంటోంది. బ్రేకు తొక్కితే పార్కింగు లైట్లు ఆరిపోతున్నాయి.

"ఎర్తు పోయిందిరా," అన్నాడు మేస్త్రి టేపు ముక్క నములుతూ. "కరెంటు వచ్చే దారి ఉంది గానీ తిరిగి పోయే దారి లేదు. అందుకని దొరికిన బల్బులోకల్లా దూరుతోంది."

"అంటే పాపం, లోపలికొచ్చి బయటికి పోలేక కొట్టుకుంటోందన్నమాట," అన్నాడు బావమరిది. వాడి జోకుకి వాడే నవ్వాడు.

మేస్త్రి ట్రైలరు చట్రం కిందకి దూరాడు. ఎర్తు వైరు బిగించిన బోల్టు తుప్పు పట్టి ఉంది. దాన్ని విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త వైరు వేసి బిగించాడు. తర్వాత జీపెక్కి కూర్చున్నాడు. బావమరిది వెనక నిలబడి, ఏది వెలిగితే దాన్ని కేకేసి చెప్పాలి.

"ఎడమ!"

"కొట్టుకుంటోంది బావా, బ్రహ్మాండం!"

"కుడి!"

"అదీ సూపరు!"

"బ్రేకు!"

"వెలిగింది! చెప్పానా, మా బావ చెయ్యి పడితే..."

మేస్త్రి ముసిముసిగా నవ్వుకుంటూ పెడలు మీంచి కాలు తీశాడు. తాళంచెవి తిప్పి ఇంజను ఆపాడు.

"చాల్లే బావా, కాలు తియ్యి," అని అరిచాడు బావమరిది.

"తీసేశా."

"తియ్యలేదు. ఇంకా వెలుగుతోంది."

మేస్త్రి దిగి వెనక్కి వెళ్ళాడు. నిజమే. రెండు బ్రేకు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి. చుట్టూ మంచు కూడా ఎర్రబడింది. బ్రేకు స్విచ్చు ఇరుక్కుందేమో అనుకున్నాడు. ఎందుకొచ్చిన గొడవ అని ప్లగ్గు పట్టుకుని పీకేశాడు.

లైట్లు ఆరలేదు.

ప్లగ్గు అతని చేతిలోనే ఉంది. దాని ఇత్తడి పిన్నులు గాల్లోనే ఉన్నాయి. ట్రైలరుకి ఎక్కడినుంచీ కరెంటు లేదు. టెస్టు ల్యాంపు పెట్టి చూశాడు. పిన్నుల్లో ఏమీ లేదు. ట్రైలరు తలుపు తీసి లోపల టార్చి వేశాడు. ఎవరైనా బ్యాటరీ దాచి పెట్టారేమోనని మూలమూలా వెతికాడు. ఉత్త రేకులు. రేకులకి చెమట పట్టినట్టు తడి.

"బావా..." బావమరిది గొంతు తగ్గింది. "ఆరింది. మళ్ళీ వెలిగింది. ఇటు రా."

బ్రేకు లైటు ఆరింది. కాసేపాగి కుడి ఇండికేటరు కొట్టుకుంది. ఆగింది. మళ్ళీ బ్రేకు... కొంచెం సేపు. మళ్ళీ ఆరింది. తర్వాత ఎడమ. ఇద్దరూ చూస్తున్నారు. మలుపు తిరగడానికి ముందు ఇండికేటరు, మలుపులో బ్రేకు, మలుపు దాటాక చీకటి. ఎవరో ఆ ట్రైలరుని తగిలించుకుని, ఎక్కడో ఓ కొండదారిలో జాగ్రత్తగా బండి తోలుకుపోతున్నట్టుంది.

తర్వాత బ్రేకు గబగబా కొట్టుకోసాగింది. వెలుగు... చీకటి... వెలుగు... చీకటి. కాలితో తన్నుతున్నట్టు.

"వదిలేద్దాం రా," అన్నాడు మేస్త్రి. పళ్ళ మధ్యనుంచి టేపు ముక్క ఎప్పుడు జారిపోయిందో అతనికి తెలియలేదు. "ఇక్కడే వదిలేసి పోదాం. నేను కొక్కెం విప్పుతా. నువ్వు చక్రాల వెనక రాళ్ళు పెట్టు."

బావమరిది ఓ పెద్ద రాయి దొర్లించుకొచ్చి ట్రైలరు వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మేస్త్రి కొక్కెం విడదీసి, ట్రైలరు ముందుండే ఇనుప కాడిని రెండు చేతులా పట్టుకున్నాడు. బరువేం లేదు. ఖాళీ బండి. ఒక్క మనిషి ఆపగలిగినంత వాలే.

"పెట్టావా?"

"ఒక్క నిమిషం... రాయి కుదురుగా కూర్చోవడం లేదు... బావా, ఈ తెల్ల లైటేంటి?"

ఆ ట్రైలరుకి రివర్సు లైటు లేదు. దానికి వైరు కూడా లేదు. మేస్త్రి ఇందాక స్వయంగా చూశాడు. అయినా ట్రైలరు వెనకనుంచి మంచులోకి తెల్లటి వెలుగు పరుచుకుంది.

కాడి కదిలింది.

మేస్త్రి కాళ్ళు తన్నిపెట్టి లాగాడు. ఆపగలిగాడు. నిజంగానే ఆపాడు... అప్పుడు తెలిసింది అతనికి. తన చేతుల పక్కన, అదే కాడి మీద, ఇంకో రెండు చేతులు ఉన్నాయి. కనబడటం లేదు. చలిగా తగులుతున్నాయి. ఎవరో తన చెంప పక్కనే ఆయాసపడుతున్నారు. తనతోబాటే లాగుతున్నారు.

మేస్త్రి చేతులు వదిలేశాడు.

"బావా! వదలకు బావా!"

చిన్నప్పుడు సైకిలు మీద తూలుతూ వాడు అరిచిన అరుపే అది. ఆ రోజుల్లో మేస్త్రి ఎప్పుడూ వదల్లేదు. ఇప్పుడు వినీ విననట్టు పరిగెత్తాడు. వెనక ఏదో విరిగిన చప్పుడైంది. ఆగలేదు. తిరిగి చూడలేదు. జీపు అక్కడే ఉందన్న ధ్యాస కూడా లేదు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి. మంచులో పెట్రోలు బంకు దీపాలు కనబడేదాకా పరిగెత్తాడు.

బంకులో వాళ్ళు కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. అతను గ్లాసు ఖాళీ చేశాడు. ఇంకో గ్లాసు అడిగాడు. బావమరిది అక్కడ పడి ఉన్నాడని చెప్పడానికి నోరు రాక కాదు. చెబితే వెనక్కి వెళ్ళాల్సొస్తుందని. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు. తెలిసే రెండో గ్లాసు మెల్లగా తాగాడు.

చివరికి చెప్పాడు. బంకు వాళ్ళు వ్యాను తీశారు. మేస్త్రి అందరికంటే వెనక కూర్చున్నాడు.

ట్రైలరు లైట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. చక్రం కింద కాలు నలిగి, బావమరిది వెల్లకిలా పడి ఉన్నాడు. స్పృహలోనే ఉన్నాడు. ఏడవడం లేదు. ట్రైలరు ఎత్తుతున్నప్పుడు కూడా పళ్ళు బిగబట్టి ఊరుకున్నాడు.

ఆసుపత్రిలో కట్టు కట్టారు. కాలు నిలుస్తుందన్నాడు డాక్టరు. పిల్లల్ని పక్కింటి పిన్నిగారికి అప్పగించి మేస్త్రి భార్య పరిగెత్తుకొచ్చింది. తమ్ముడి తల నిమిరింది. వాడు మేస్త్రి చెయ్యి అందుకుని గట్టిగా పట్టుకున్నాడు.

"అక్కా, బావే లేకపోతే నేనీ పాటికి పోయేవాణ్ణి. వ్యాను వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు. పక్కనే కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు."

మేస్త్రి భార్య భర్తకేసి చూసింది. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆమె అతన్ని అంత గర్వంగా చూసింది లేదు. ఆ చూపుకి అతని ఒళ్ళంతా మంటలు పుట్టాయి. కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. తెరిచి, "ఊరుకోరా, అలసిపోతావు" అన్నాడు. అన్నాక, ఆ మాట అన్నందుకు తన మొహాన తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

"చెయ్యి మాత్రం ఐసుగడ్డలా ఉందనుకో," నవ్వాడు బావమరిది. "ఒక్కటే అర్థం కాలేదు బావా. అంతసేపూ 'పిల్లలు దిగారా, పిల్లలు దిగారా' అని అదే అడిగావేంటి?"

మేస్త్రి మంచం మీదకి వంగాడు.

"నువ్వేం చెప్పావు?"

"ఏం చెబుతాను? పిల్లలు ఇంటి దగ్గరున్నారుగా బావా అన్నాను. 'సరే, అయితే ఇంటికెళ్ళి చూసుకుంటాను' అని... అప్పుడు వదిలావు చెయ్యి."

"పిల్లలంటే అంత ప్రాణం ఆయనకి," అంది భార్య కళ్ళు తుడుచుకుంటూ.

మేస్త్రి నేలకేసి చూశాడు.

"అది నేను కాదు," అన్నాడు.

"ఏంటండీ?"

"వాడి పక్కన కూర్చుంది నేను కాదు. నేను పారిపోయాను. వదలకు బావా అని వాడు అరుస్తూనే ఉన్నాడు... కాడి వదిలేసి పారిపోయాను. బంకులో కూర్చుని నీళ్ళు తాగాను."

బావమరిది నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మెల్లగా, నొప్పి పెట్టకుండా కట్టు విప్పుతున్నట్టుగా, తన చెయ్యి మేస్త్రి చేతిలోంచి వెనక్కి తీసుకున్నాడు. ఆ నోరు మూతపడటం మేస్త్రి ఎన్నడూ చూడలేదు. తిట్టినా బాగుండేది.

భార్యకి ఇంకో సంగతి అప్పుడు తట్టింది. "మరి ఇంటికెళ్తానన్నది ఎవరండీ?"

ఇద్దరూ ఒక్క ఉదుటున బయటికి పరిగెత్తారు.

ఆటోలో ఆమె డ్రైవరు పక్కన ఎక్కింది. అతని పక్కన కూర్చోలేదు. ఇంటి ముందు దిగేసరికి లోపల లైట్లు వెలుగుతున్నాయి. తలుపు వేసే ఉంది. పిన్నిగారు తీశారు.

"పిల్లలు?"

"ఇప్పుడే అన్నం తిన్నారు. ఎందుకా కంగారు?" అన్నారావిడ. "ఇందాకొకసారి వచ్చి వెళ్ళావటగా నాయనా. నేను వంటింట్లో ఉన్నాను, చూడలేదు."

పెద్దదీ చిన్నాడూ మంచం మీద ఆడుకుంటున్నారు. తల్లి ఇద్దర్నీ ఒళ్ళోకి లాక్కుని తలలూ చేతులూ తడిమి చూసుకుంది. ఎక్కడా చిన్న గీత కూడా లేదు. మేస్త్రి గుమ్మం దాటి లోపలికి రాలేకపోయాడు. అక్కడే గోడకి ఆనుకుని, జారి కూలబడ్డాడు. చాలాసేపు మొహం మీంచి చేతులు తియ్యలేదు.

చిన్నాడు తల్లి ఒళ్ళోంచి జారి, వచ్చి అతని మోకాలు పట్టుకున్నాడు.

"నాన్నా, ఇందాక మమ్మల్ని లెక్కపెట్టావుగా?"

మేస్త్రి మొహం మీంచి చేతులు తీశాడు.

"మేమిద్దరమే కదా," అన్నాడు వాడు మంచం కేసి చూపిస్తూ. "మరి 'ముగ్గురూ దిగారు' అన్నావేంటి?"