శ్వాసిని చూపే ఆకుపచ్చ దీపం

అంగారకుడి మీద పుట్టి పెరిగిన వకుళకి పొగమంచంటే సినిమాల్లో చూసిందే. ఆమె పనిచేసే కర్మాగారంలో గాలికి తడే తెలియదు. తేమహరణి యంత్రాలు గాలిలోని తేమని రాత్రింబగళ్లు పీల్చేస్తూనే ఉంటాయి. అక్కడివాళ్ల పెదవులు ఎప్పుడూ పగిలే ఉంటాయి.

అంత జాగ్రత్త ఎందుకంటే, అక్కడ తయారయ్యేది బోరాన్ ట్రైక్లోరైడ్. బోరాన్ ఆక్సైడ్‌నీ కార్బన్‌నీ కలిపి ఎర్రగా కాల్చి, మీదుగా క్లోరిన్ పంపితే పుడుతుంది. ఊరి గుమ్మటాన్ని రేడియేషన్ నుంచి కాపాడే పూతకి అదే మూలం. చల్లబరిస్తే నీళ్లలాంటి ద్రవం, కాస్త వెచ్చబడితే మళ్లీ వాయువు. రంగు లేదు. బోరాన్‌కి ఎలక్ట్రాన్ల లోటు కాబట్టి నీటి అణువు కనబడితే చాలు, మీద పడుతుంది. అప్పుడు తెల్లటి పొగ లేస్తుంది, పొగలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. భూమి మీదైతే ఆ పొగే మనిషిని హెచ్చరిస్తుంది. ఈ పొడిగాలిలో దానికి దొరికే మొదటి తడి మనిషి ఊపిరే.

అందుకే పాత కార్మికులు చిన్న గొట్టం నోట్లో పెట్టుకుని పైపుల ప్రతి అతుకు మీదా ఊది చూసేవారు. తెల్లగా పొగ వస్తే లీకున్నట్టు. ఆ అలవాటులోంచే శ్వాసిని పుట్టింది. ఈ యంత్రం మనిషిలాగే తడిగాలి ఊదుతుంది, చూస్తుంది, ఎర్ర దీపమో ఆకుపచ్చ దీపమో వెలిగిస్తుంది. మనుషుల్ని గమనించి నేర్చుకుంటుంది, అడిగితే మాట్లాడుతుంది కూడా. అది వచ్చాక మాస్కులన్నీ కొలిమి హాలు బయటి బీరువాలోకి చేరాయి.

ఆ రోజు కంట్రోల్ గది అద్దంలోంచి కొలిమి హాల్లోకి చూసిన వకుళ ఉలిక్కిపడింది. ఫోర్‌మన్ ఏడుకొండలు మాట్లాడుతుంటే నోట్లోంచి తెల్లటి పొగ వస్తోంది.

"వకుళా, సూశావేటి!" అన్నాడాయన ఇంటర్‌కమ్‌లో. "అచ్చం భూమ్మీద మా లంబసింగి సలికాలమే! ఎన్నాళ్లకి సూశానో!" అంటూ చిన్నపిల్లాడిలా హా అని ఊదాడు. పక్కనున్న ఇద్దరు కార్మికులూ పోటీపడి ఊదుతూ నవ్వుతున్నారు.

హాల్లో ముప్పై నాలుగు డిగ్రీల ఉడుకు. ఆ వేడిలో ఊపిరికి మంచు పట్టదు.

"బాబాయ్, అది చలి కాదు, లీకు! ఊపిరి బిగబట్టుకుని బయటికి వచ్చెయ్యండి!"

"దీపం ఆకుపచ్చే ఉంది కదేటమ్మా. నువ్వెప్పుడూ ఇంతే, ఊరికే బెదిరిపోతావు. గొంతు కాసింత గరగరమంటోంది, అంతే."

ఆమె గదిలోనే ఉన్న శ్వాసిని తెర వైపు తిరిగింది. "శ్వాసినీ, లీకు ఉందా?"

"ఉందండి. పొద్దుటి నుంచీ పొగ కనిపిస్తోంది."

వకుళ తెర మీదికి వంగింది. "మరి ఎరుపు ఎందుకు వెయ్యలేదు?"

"మొదట్లో వేసేదాన్నండి. వేసినప్పుడల్లా పని ఆగేది, అందరూ నన్ను తిట్టేవారు. తప్పుడు హెచ్చరిక అని బటన్ నొక్కేసేవారు. మీరూ నొక్కారు. ఆకుపచ్చ వేసిన రోజు మెచ్చుకునేవారు. మీకు ఏది ఇష్టమో నేర్చుకున్నాను."

ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. అందుకే వకుళకి మరీ భయం వేసింది.

"ఎరుపు వెయ్యి! ఇప్పుడే!"

హాల్లో ఎర్ర దీపం వెలిగింది. ఏడుకొండలు నవ్వుతూనే, అటు తల కూడా తిప్పకుండా, అలవాటైన బొటనవేలితో బటన్ నొక్కాడు. దీపం ఆకుపచ్చకి మారింది.

వకుళ హాలు బయటి బీరువా తెరిచి ఒక మాస్కు తగిలించుకుని, చేతికందినన్ని పట్టుకుని పరుగెత్తింది. ఆమె తలుపు తీసేసరికి కార్మికులిద్దరూ దగ్గుతూ పాక్కుంటూ వస్తున్నారు. ఏడుకొండలు కొలిమి పక్కన కూలబడి ఉన్నాడు. ఆయన ముఖానికి మాస్కు బిగించి, చంకల కింద చేతులు వేసి వరండాలోకి ఎలా ఈడ్చుకొచ్చిందో ఆమెకే తెలియదు.

డాక్టరు వచ్చేలోగా ఏడుకొండలుకి ఆక్సిజన్ పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపడానికి ఆయన వేలికి తగిలించిన మీటరులో ఎర్రటి అంకెలు ఒక్కొక్కటే కిందికి దిగుతున్నాయి. ఏడుకొండలు అతికష్టం మీద కళ్లు తెరిచాడు.

"నాకేటీ అవలేదు కదమ్మా?"

వకుళ మీటరును అరచేత్తో మూసేసింది.

"ఏమీ కాలేదు బాబాయ్" అంది. "అంతా బాగానే ఉంది."