గొడుగుల కంపెనీ పంచిన సేమ్యా

తైపేలో వాన పట్టిన మధ్యాహ్నం. డిటెక్టివ్ లూ పెయ్‌ఫెన్ ఆఫీసుకి యూచిన్ వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పాప చెవి ఆపరేషన్‌కి దాచిన డబ్బు మేడమ్. అన్నయ్య మాట విని గొడుగుల కంపెనీ షేర్లు కొన్నాను. ధర సగానికి పడింది. తనూ మునిగానంటాడు. నిజమేనా? అది తెలియకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆమె అన్న క్వోషాన్ ఆ కంపెనీలోనే లెక్కలు చూస్తాడు.

"ఏం చెప్పి కొనిపించాడు?"

"షేరు ధర ఏడాది లాభానికి ముప్పై రెట్లుంది, లాభమూ ముప్పై శాతం పెరిగింది, దానికీ దీనికీ సరి, ధర ఎక్కువేం కాదు అన్నాడు. పడుతున్నప్పుడు కూడా అమ్మొద్దన్నాడు."

లూ, ఆమె సహాయకుడు త్సాయ్ కలిసి క్వోషాన్ ఇంటికి వెళ్ళారు.

"నా దగ్గరా షేర్లున్నాయండీ, ఇదిగో!" అంటూ అతను అలమరలో ఉన్న ఒకే ఒక్క సేమ్యా పొట్లం తీశాడు. షేర్లున్న ప్రతి మనిషికీ కంపెనీ ఏటా ఒక కానుక ఇస్తుంది. ఈ ఏడాది అదే.

అక్కణ్ణుంచి తల్లి ఇంటికి వెళ్ళారు. ఆవిడకీ షేర్లున్నాయి. గుమ్మం పక్కన పాత కానుకలన్నీ వేలాడుతున్నాయి. అన్నీ గొడుగులే.

"మరి మీ సేమ్యా ఏదమ్మా?" అన్నాడు త్సాయ్.

"మావాడు పట్టుకెళ్ళాడు బాబూ. తిండిపోతు వెధవ!" ఆవిడ నవ్వింది కానీ కళ్ళెత్తలేదు.

బయటికొచ్చాక లూ ఆగింది. "గొడుగుల కంపెనీ సేమ్యా ఎందుకు పంచిందోయ్?"

ఫ్యాక్టరీ చూడ్డానికి వెళ్తే అక్కడ రేకుల కంచె, లోపల ఖాళీ నేల.

మర్నాడు తల్లి ఇంట్లో అందరినీ కూర్చోబెట్టింది లూ.

"పెరిగిన లాభం గొడుగులది కాదు. ఫ్యాక్టరీ స్థలం అమ్మితే ఒక్కసారి వచ్చింది. పంచడానికి గొడుగుల్లేకే ఈ ఏడాది సేమ్యా ఇచ్చారు. ఆ స్థలం డబ్బు తీసేస్తే పెరుగుదల ఐదు శాతం. ఐదు శాతానికి ముప్పై రెట్ల ధరా? ఆ సంగతి లెక్కలు చూసే మీకు ముందే తెలుసు, క్వోషాన్. మీ షేర్లు ముందే అమ్మేశారు. అమ్మగారి పొట్లం మీ ఇంట్లో ఉంది. మరి మీ పొట్లమేది?"

క్వోషాన్ తల దించుకున్నాడు. "కొనిపించినప్పుడు, ఆ సంగతి బయటపడేలోగా ధర ఇంకా పెరుగుతుందనుకున్నాను. పడబోతోందని తెలిశాక ఇంట్లో అందరం ఒక్కసారే అమ్మితే గుట్టు బయటపెట్టానని నన్ను జైల్లో వేసేవాళ్ళు చెల్లీ."

"అందుకని నన్ను ముంచావా అన్నయ్యా?"

"ఆ పొట్లం నేనే ఇచ్చానే," అంది తల్లి, మెల్లగా. "నువ్వు అడిగితే చూపిస్తాడని."

యూచిన్ అన్నని తిట్టలేదు. తల్లినే చూస్తూ నిలబడింది. "నీకూ తెలుసా అమ్మా?"

వాన పెద్దదైంది. పాప బడి వదిలే వేళ. తల్లి ఆ కానుక గొడుగుల్లో ఒకటి తీసి అందించింది. యూచిన్ తీసుకోకూడదనే అనుకుంది. కానీ పాపకి వెనకొచ్చే బండి హారన్ వినపడదు. చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాలి.

తీసుకుని, విప్పుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.